చేయగలనని అనని పెద్దమ్మ

మొన్న ఆదివారం పొద్దున మా ఎదురింటి కోడలు చేతిలో రెండు కాగితాలు పట్టుకుని వచ్చింది. మా వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే చోట చేరిందట, ఇంకో పదిహేను రోజుల్లో ఏదో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట. ముప్పై ఏళ్ళు సర్కారు బళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని కనక, ఖమ్మంలో మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు జ్వరం తగిలినా ముందు నా గడపే తొక్కుతారు. మొదటి కాగితం నిండా ‘ఐ కెన్’ అని మొదలయ్యే వాక్యాలు. నేను ఇది చేయగలను, నేను అది చేయగలను, నేను టీముని నడపగలను. రెండో కాగితం నిండా ‘సో దట్’లు. ఫలానాది జరిగేందుకు ఫలానాది చేస్తాను, ఫలానాది రాకుండా ఫలానాది చూసుకుంటాను. “అద్దం ముంగట నిలబడి రోజుకు యాభై సార్లు ఐ కెన్, ఐ కెన్ అనమన్నరు ఆంటీ. నాకు సిగ్గయితుంది” అంది. నేను నవ్వి, రెండో కాగితం ముందు చదువుకో, మొదటిది దానంతట అదే వస్తుందిలే అని పంపించాను. ఆ అమ్మాయి వెళ్ళాక టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. బతుకంతా ఒక్కసారి కూడా ‘చేయగలను’ అనకుండా కొన్ని వందల మంది పిల్లల్ని భూమ్మీదకు దించిన మనిషి గుర్తొచ్చింది. ఆవిడ చేతిలో పనిని నా ఇంగ్లీషు ఇంచుమించు ఊడగొట్టిన సంగతి కూడా గుర్తొచ్చింది.

ఎనభైల మధ్యలో మాట. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి, దుమ్ముగూడెం నుంచి లోపలికి, వాగు అవతల ఒక అడవి ఊళ్ళో బడికి వేశారు. మా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ జూలూరుపాడు పక్కనే. పెద్దవాళ్ళు ఎప్పుడో కోస్తా నుంచి వలస వచ్చి మిరప, పత్తి వేసుకున్న కుటుంబాలు. కొత్త కోడల్ని అడవిలోకి పంపడమా అని మా అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు మాత్రం ఊరగాయ జాడీలు, కందిపొడి, దోమతెర, ఒక పాత టార్చిలైటు కట్టిచ్చి తనే బస్సెక్కించింది. మా ఆయనది భద్రాచలంలో ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారే పోయేవాడు. మిగతా రోజులు నాకు దిక్కూ మొక్కూ అన్నీ నేను కిరాయికున్న ఇంటామే. ఊరంతా ఆవిడను పెద్దమ్మ అనేవారు, నేనూ అదే పిలుపు అందుకున్నాను.

రెండు గదుల పెంకుటిల్లు, ముందు గది నాది. ఎర్రమట్టితో అలికిన గోడలు, ఎండాకాలమైతే వాకిలి నిండా ఆరబోసిన ఇప్పపువ్వు. ఆ తియ్యటి వాసన మొదటి వారం తలనొప్పి తెప్పించింది. తర్వాత అది లేకపోతే నిద్ర పట్టేది కాదు. పెద్దమ్మకు అప్పటికి అరవై ఉంటాయో, డెబ్భై ఉంటాయో, అడిగితే “గోదారి పెద్దగా వచ్చిన ఏడు పుట్టిన్నంట” అనేది. గోదారి ఎన్నిసార్లు పెద్దగా రాలేదు కనక! పొట్టి మనిషి, అరచేతులు మాత్రం పెద్దవి, ఎప్పుడూ ఆముదం వాసన వేసేవి. పక్కింట్లో ఉన్న కొడుకూ కోడలితో తమ గూడెం భాష మాట్లాడేది, నాతో తెలుగు. ఆవిడ గది వాసానికి ఒక తెల్లగుడ్డ మూట వేలాడుతుండేది. అందులో దారం, కొత్త బ్లేడు, ఉతికి ఎండబెట్టిన పాత చీర ముక్కలు, చిన్న సీసాలో ఆముదం. చుట్టుపక్కల ఏడెనిమిది గూడేల్లో కానుపంటే ఆ మూట దిగాల్సిందే. కడుపుతో ఉన్నామె ఇంటివాళ్ళు నెల ముందే వచ్చి, ఇన్ని పెసలో, ఒక సొరకాయో గడపలో పెట్టి, “పెద్దమ్మా, ఫలానా అమాసకు అటూ ఇటూ” అని చెప్పి పోయేవారు. ఆవిడ తల ఊపేది. వస్తాననీ అనేది కాదు, రాననీ అనేది కాదు.

బళ్ళో నా తిప్పలు చెప్పాలి. తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో చేయగలగడం గురించి ఒక పాఠం, దేనికోసం చేస్తామో చెప్పే వాక్యాల గురించి ఇంకో పాఠం ఉండేవి. పుస్తకంలో ఉదాహరణ ఏమిటంటే, బస్సు అందుకునేందుకు అతను పొద్దున్నే లేచాడు. అది చదవగానే వెనక వరసలోంచి “మనకు బస్సు లేదు గద టీచర్” అన్నారు. నిజమే, ఉన్న ఒక్క బస్సు వాగు దాటకుండానే ఆగిపోయేది. సరే అని పుస్తకం మూసేసి, ఎలుగుబంటి చేలోకి రాకుండా ఏం చేస్తారర్రా అని అడిగాను. అంతే, ఇరవై చేతులు లేచాయి. డప్పు కొడతాం, మంట వేస్తాం, మంచె మీద కూర్చుంటాం. ప్రతి దానికీ నేను ‘సో దట్’ అతికించి బోర్డు మీద రాస్తుంటే చోటు చాల్లేదు. కాని చేయగలగడం పాఠం దగ్గర బండి బురదలో దిగబడింది. మీలో ఈత కొట్టగలిగినవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఒక్క చెయ్యి లేవలేదు. చెట్టెక్కగలిగేదెవరు? నిశ్శబ్దం. సాయంత్రం చూస్తే తరగతి తరగతంతా వాగులో చేపల్లా ఈదుతోంది. వీళ్ళకు నేనంటే భయం కాబోలు అనుకున్నాను. టీచరైన కొత్తల్లో మనం అన్నిటికీ మనమే కారణం అనుకుంటాం.

వాగుకు ఇవతల, దుమ్ముగూడెం దారిలో, చర్చి సిస్టర్లు నడిపే చిన్న దవాఖానా ఒకటుండేది. అక్కడి డాక్టరమ్మది కేరళ. పొడుగాటి మనిషి, కళ్ళద్దాలు, నడిస్తే చెప్పుల చప్పుడుకి వరండాలో కుక్కలు లేచి నిలబడేవి. తెలుగు రెండు ముక్కలొచ్చు, ‘నొప్పి’, ‘రేపు’. మిగతాదంతా ఇంగ్లీషే. ఒక సిస్టరు ఆవిడ మాట తెలుగులో చెప్పేది కాని ఆమె ఆ వర్షాకాలం ఊరెళ్ళింది. సరిగ్గా అప్పుడే, ఊళ్ళలో కానుపులు చేసే ఆడవాళ్ళకు ట్రైనింగ్ ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎంపికైనవాళ్ళకు రెండు వారాల పాఠం, ఒక అల్యూమినియం పెట్టె. పెట్టె ఉన్నవాళ్ళే ఇకనుంచి కానుపులు ముట్టాలి, లేనివాళ్ళు మానుకుని మనుషుల్ని దవాఖానాకు పంపాలి. మాట మంచిదే. దవాఖానాకూ మా ఊరికీ మధ్య వాగుందని, అది ఆషాఢంలో పొంగితే నాలుగైదు రోజులు దిగదని మాత్రం ఆ మాట పుట్టించినవాళ్ళకు తెలిసుండదు. మా వైపు గూడేలకు పెద్దమ్మ తప్ప ఇంకో దిక్కు లేదు. ఆవిడకు పెట్టె రాకపోతే వర్షాకాలం మా ఆడవాళ్ళు ఎటూ కాకుండా పోతారు.

డాక్టరమ్మ నాకు కబురు పెట్టింది. నువ్వు ఇంగ్లీషు టీచరువట కదా, వచ్చి నా మాట వాళ్ళకు, వాళ్ళ మాట నాకు చెప్పు అని. నా సంబరం చూడాలి మీరు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని పోయాను, పెళ్ళిచూపులకు కూడా అంత తయారవలేదు. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు నలుగురు, మా పెద్దమ్మ. వాళ్ళు నలుగురూ వాగుకు ఇవతల, దవాఖానాకు దగ్గర ఊళ్ళవాళ్ళు. సిస్టర్ల దగ్గర సూదులు, మాత్రలు చూసి చూసి అలవాటు పడినవాళ్ళు. ఏదడిగినా ఔనమ్మా, చేస్తానమ్మా అన్నారు. పెద్దమ్మ వంతు వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసుకుంటూ అడిగింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంటే చెప్పగలవా? నేను తెలుగులో అడిగాను. పెద్దమ్మ నేల చూస్తూ “ఏమో అమ్మా” అంది. బొడ్డు కట్టి కోయగలవా? “ఏమో, పైనున్న ఆ తల్లి దయ.” బిడ్డ ఏడవకపోతే ఏడిపించగలవా? “చూడాలె.” నా ఎదట నా ఇంటామె ఇలా నీళ్ళు నములుతుంటే నాకు తలవంపులుగా అనిపించింది. దానికి తోడు, డాక్టరమ్మ కళ్ళద్దాల మీదుగా నా వంకే చూస్తోంది. ఇంగ్లీషు సూటిగా, ముక్కలుగా, బోర్డు మీద రాసినట్టు చెప్పాలని నా తాపత్రయం. “నో డాక్టర్, షీ కెనాట్” అన్నాను. మూడు ప్రశ్నలకూ అదే, మూడోసారి ఇంకాస్త గట్టిగా. ఉచ్చారణ ఎంత బాగా వచ్చిందో అని లోపల మురిసిపోయాను కూడా. డాక్టరమ్మ మూడు చోట్ల ఇంటూ మార్కులు పెట్టింది.

వారం తిరక్కుండానే దవాఖానా గోడకు కాగితం అంటించారు, నాలుగు పేర్లు. పెద్దమ్మ పేరు లేదు. కానుపులు మానుకొమ్మని ఆవిడకు మనిషితో చెప్పి పంపారు. ఆవిడ ముక్కాలి పీటెక్కి వాసానికున్న మూట దించి, దులిపి, ధాన్యం గాదె వెనక పెట్టింది. ఆ పూట నాకు అంబలి పోస్తూ కూడా మామూలుగానే మాట్లాడింది. నేనూ, పోనీలే, వయసైంది, రానిది వస్తుందని చెప్పడం తప్పు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నిజానికి అంబలి సగంలోనే వదిలేశాను.

రెండు రోజులకు పక్క గూడెం నుంచి ఒకతను వచ్చాడు. గడపలో సొరకాయ పెట్టి, తన భార్యకు తొలి కానుపు, ఇంకో పది పన్నెండు రోజులు అని చెప్పాడు. పెద్దమ్మ సొరకాయను వెనక్కి తోసింది. “నన్ను వద్దన్నరు నాయినా. మీ ఆడమనిషిని వాగు దాటించి ఇప్పుడే దవాఖానాల ఉంచు” అంది. “పొలంల నాట్లు పడ్డయ్, ముసలి తల్లి ఉన్నది, పది రోజులు ఆడ ఎవరుండాలె పెద్దమ్మా?” అన్నాడతను. ఇద్దరూ నా వంక చూశారు, టీచరమ్మ కదా ఏదైనా చెబుతుందని. అతను వెళ్ళాక నేను ఉండబట్టలేక అనేశాను, “నువ్వే కదా పెద్దమ్మా డాక్టరమ్మ ముందు రాదన్నావు” అని. ఆవిడ చేస్తున్న పని ఆపి తలెత్తింది. “రాదని నేనెప్పుడన్న బిడ్డా?” “అన్ని ప్రశ్నలకూ ఏమో, ఏమో అన్నావుగా!” ఆవిడ నన్ను అప్పుడే బళ్ళో చేరిన పిల్లని చూసినట్టు చూసింది. “ఏమో అంటే రాదనా? కానుపు కాడ నేను చేస్త, నాకొచ్చు అన్నదాని చెయ్యి ఆగిపోతది. ఆ తల్లి వింటది. మా అమ్మ అనలే, మా అమ్మమ్మ అనలే. నేనెట్ల అంట?”

అప్పుడు నా తల తిరిగిన తిరుగుడు ఇప్పటికీ గుర్తే. ఎందుకంటే ఆ మాట నాకు కొత్తది కాదు. మా మామగారు మిరపతోట విరగకాసిన ఏడు కూడా ఎవరైనా అడిగితే “ఏదో ఉందండీ” అనేవారు. బాగుంది అంటే దిష్టి, పోయింది అంటే అపశకునం. మా అత్తగారు పది మందికి వంట చేస్తూ “ఏదో ఉడకేస్తున్నా” అనేది. నా బళ్ళో పిల్లలు ఈతకు చెయ్యెత్తకపోవడమూ ఇదే. వాగు వింటుండగా నాకు ఈతొచ్చు అని ఎవడంటాడు? ఇన్ని తెలిసి, ఇదే మట్టిలో పుట్టి, నేను మాత్రం ఒక్క పూట ఇంగ్లీషు రుచికి ఆవిడ నోట లేని మాట ఆవిడ నోట పెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదేననుకున్నాను. ఆవిడ మాత్రం ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

మర్నాడు బడి కాగానే వాగు దాటాను. మోకాళ్ళ లోతు వచ్చింది, చీర తడిసి బరువెక్కింది. ఈసారి కనకాంబరాలు లేవు. డాక్టరమ్మ రోగుల్ని చూడటం అయ్యేదాకా వరండాలో నిలబడి, లోపలికి వెళ్ళి, నేను తప్పు చెప్పానని చెప్పాను. నేను టీచర్ని, ఇంగ్లీషే నా అన్నం, ఆ మాట ఆ ఇంగ్లీషులోనే ఒప్పుకోవలసి రావడం ఎంత కష్టమో నాకే తెలుసు. “మరి ఆమె అన్నదేమిటి?” అని అడిగింది. “ఏమో అంది.” “ఏమో అంటే?” ఇక చూడండి నా అవస్థ. ఒకటి చెప్పబోయి అది కాదన్నాను, ఇంకోటి చెప్పబోయి అదీ కాదన్నాను. దేవుడికి తెలుసు అని ఒకటి, చూద్దాం అని ఒకటి, అవునని నా నోటితో అనను అని ఒకటి. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. “మా అమ్మా ఇంతే. పాయసం బాగా చేశావమ్మా అంటే, పాలు బాగున్నాయి అంటుంది” అని, అంతలోనే మళ్ళీ మొహం గట్టిగా పెట్టుకుంది. “కాని నా కాగితంలో అవును, కాదు అని రెండే గళ్ళున్నాయి టీచర్. ఏమో అనే గడి లేదు. తెలియనిదాని చేతికి నేను తల్లుల్ని అప్పగించలేను. గురువారం తీసుకురా. ఒక్కసారి అడుగుతాను.” అన్యాయమని ఎలా అంటాను? ఆవిడ భయం ఆవిడది.

గురువారానికి మూడు రోజుల గడువుంది. ఆ మూడు రోజులూ నేను పెద్దమ్మకు ట్యూషన్ పెట్టాను. పొయ్యి దగ్గర, బావి దగ్గర, పేడకళ్ళు ఎత్తే దగ్గర. “పెద్దమ్మా, ఒక్కసారి చేస్తానను. మనసులో తల్లికి దండం పెట్టుకుని పైకి మాత్రం అను.” “అనను.” “పోనీ తలూపు.” “తలూపుడు గూడ అన్నట్టే.” “మరి డాక్టరమ్మ ఎలా నమ్మాలి?” “చూసి నమ్మాలె. వండినంక బువ్వ తింటరా, వండకముందు తింటరా?” నాకు కోపం, నవ్వు, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చాయి. మూడో రోజుకు ఓడిపోయి, చాప మీద కూలబడి, విసుగ్గా అడిగాను, “అసలు ఆ బ్లేడును అంతసేపు ఎందుకు ఉడకబెడతావు నువ్వు? ఎప్పుడూ చూస్తాను, అన్నమైనా ఉడికిపోతుంది.” అంతే, పెద్దమ్మ చేతులు కడుక్కుని నా ముందు కూర్చుంది. బొడ్డు చీము పట్టకుండ, అంది. గుడ్డ ఎండల ఎందుకేస్తనో ఎరికేనా? పురుగు పుట్ర లేకుండ. గోర్లు ఎందుకు గీరి గీరి తీస్తనో ఎరికేనా? తల్లికి లోపల గీసుకపోకుండ. ఇంక ఆగలేదు. ఏది ఎందుకు చేస్తుందో, ఏది జరగకుండా చేస్తుందో, దారం ఎందుకు రెండు చోట్ల కడుతుందో, పుట్టిన బిడ్డను తుడిచి వెంటనే తల్లి పొట్ట మీద ఎందుకు వేస్తుందో. పొయ్యి మీద కూర మాడింది, ఇద్దరమూ పట్టించుకోలేదు. దేనికి అని అడిగితే దిష్టి లేదు, గొప్ప లేదు, ఏ తల్లికీ కోపం రాదు. నా బోర్డు మీద ఎలుగుబంటి వాక్యాలు కూడా అలాగే కదా వచ్చాయి!

గురువారం వాన. వాగు నడుము దాకా వచ్చింది. ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని దాటించారు. పెద్దమ్మ గాదె వెనకనుంచి తీసిన మూటను నెత్తిన పెట్టుకుంది. డాక్టరమ్మ కాగితం తీసింది. నేను గుండె చిక్కబట్టుకుని, “డాక్టర్, మీరు కెన్ యూ అని అడక్కండి. ఎందుకు చేస్తావు అని అడగండి” అన్నాను. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. కాగితం పక్కన పెట్టి, మూట విప్పమంది. బ్లేడు చూపించి ఎందుకు ఉడకబెడతావు అంది. ఇక పెద్దమ్మ మాట, నా మాట, డాక్టరమ్మ మాట. దారం ఎందుకు? రక్తం పోకుండ. నొప్పులప్పుడు తల్లిని ఎందుకు నడిపిస్తావు? బిడ్డ తల కిందికి దిగేటట్టు. పొట్ట ఎందుకు నొక్కవు? లోపల చిట్లకుండ. దవాఖానా దిండును బిడ్డను చేసి, తన కాలును తల్లిని చేసి చూపించింది. ఆ ఒక్క పూటలో నేను అన్నన్ని ‘సో దట్’లు మొత్తం సర్వీసులో అని ఉండను. గొంతు ఎండిపోయింది, సిస్టరొకామె మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అప్పుడు డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, నెమ్మదిగా, బిడ్డ అడ్డం ఉంటే ఏం చేస్తావు అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. పెద్దమ్మ దిండును కూడా పక్కన పెట్టేసింది. “ముట్ట. మంచానికి కర్రలు కట్టి, నలుగురితోని మోయించి, ఈడికే పంపుత. పోయిన ఏడు ఇద్దరిని పంపిన. తల్లి బతకాలె గద.” నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ లేచి లోపలికి వెళ్ళి పాత రిజిస్టరు తెచ్చి తిరగేసింది. మా వైపు గూడేల పేర్లు రెండు, మంచం మీద వచ్చినవాళ్ళు, తల్లులు క్షేమం. వాళ్ళను పంపిందెవరో ఇన్నాళ్ళూ ఆవిడకు తెలియదు. బొడ్డుకు పసుపు పెడతానన్న దగ్గర మాత్రం డాక్టరమ్మ వద్దంది గట్టిగా. “వద్దంటే వద్దు. కాని దేనికి వద్దు?” అని పెద్దమ్మ ఎదురడిగింది. ఆ ప్రశ్న ఇంగ్లీషులోకి దాటించగానే డాక్టరమ్మ నవ్వింది, ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు. కుర్చీ ముందుకు లాక్కుని, బొడ్డు పొడిగా ఉండటం ఎందుకో చాలాసేపు చెప్పింది. పెద్దమ్మ విని, ఆలోచించి, సరే అంది. తర్వాత డాక్టరమ్మ నాలుగు పేర్ల కింద ఐదో పేరు రాసింది.

బయటికొచ్చాక పెద్దమ్మ నా కొంగు లాగింది. “ఏమని రాసింది?” “నువ్వు చేయగలవని రాసింది పెద్దమ్మా!” గబుక్కున ఆ ఆముదం చెయ్యి నా నోటి మీద పడింది. “నువ్వన్నవా, ఆమె అన్నదా?” ఆమే అని సైగ చేశాను. “ఆమె అన్నదయితే మంచిదే. నాకేం?” అని చెయ్యి తీసేసింది. వాన వెలిసింది. వాగు దగ్గరకొచ్చేసరికి ఒక రాయి మీద కూర్చుని ఏడ్చాను. పది రోజులుగా గుండె మీద కూర్చున్న రోకటి బండ దిగిపోయినట్టుంది. పెద్దమ్మ నీళ్ళు తగ్గేదాకా పక్కనే కూర్చుని, మూట విప్పి తడిసిన గుడ్డలు పిండుకుంది. సొరకాయ తెచ్చినతని భార్యకు నాలుగు రోజుల తర్వాత, వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతుండగా, ఆడపిల్ల పుట్టింది. ట్రైనింగ్ ఇంకా మొదలే కాలేదు, కాని పేరు కాగితంలో ఉంది కనక ఎవరూ కాదనలేదు. తల్లీ పిల్లా బాగున్నారని కబురొచ్చిన పూట నేను బడికి సెలవు పెట్టకుండానే సెలవు తీసుకున్నాను.

అక్కడ ఏడేళ్ళు పనిచేశాను. తర్వాత టేకులపల్లి, ఆ తర్వాత ఖమ్మం. పెద్దమ్మ పెట్టె తీసుకున్నాక కూడా దాన్ని అదే వాసానికి తాడు కట్టి వేలాడదీసింది, దవాఖానా వాళ్ళు చూసి తలపట్టుకున్నారట. తొంభైలు దాటిపోతుండగా ఒక పని మీద దుమ్ముగూడెం వెళ్ళి, ఆవిడను చూడకుండా రాబుద్ధి కాక ఊళ్ళోకి పోయాను. వాగు మీద కల్వర్టు పడింది, జీపు గడప దాకా వస్తోంది. ఆవిడ వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది, ఇంకా చిన్నదైపోయింది. గొంతు పట్టి గుర్తుపట్టింది. వాసం ఖాళీగా ఉంటే, పెట్టె ఏదీ అని అడిగాను. కోడలికిచ్చిన అంది. రెండు అరచేతులూ నా ముందు చాపింది, సన్నగా వణుకుతున్నాయి. “ఇగ నాతోని కాదు బిడ్డా” అంది. తనకు వచ్చనీ రాదనీ ఎన్నడూ అనని మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే చివర. బాధగా లేదని అబద్ధం చెప్పను. కాని ఆ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నప్పుడు లోపలెక్కడో ఒక పెద్ద నిట్టూర్పు దిగింది. ఆ మాట ఒకప్పుడు ఆవిడ బదులు నేను చెప్పేశాను, ఆవిడ అననప్పుడే. ఇప్పుడు తనంతట తనే, తనకు తోచినప్పుడు చెప్పింది. నడుమ గడిచిన ఆ పదిహేనేళ్ళూ ఆవిడవి. కాలం ఎవరి చేతిలో పనినైనా ఒకనాటికి తీసుకుంటుంది, మనం దానికంటే ముందు తొందరపడకుండా ఉంటే చాలు.